ఆకురాలిన అడవిలో ఆదివారం



అడవికి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగితే మా తిరుపతి వైపు ఎక్కువమంది వానలు పడ్డాక అనే చెబుతారు. కార్తీకమాసంలో ఆదివారం వచ్చిందంటే భాకరాపేట మీదుగా తలకోనకు పోయే దారిలో బళ్ళు బారులు తీరతాయి. నీళ్ళు దూకుతుంటాయి, చెట్లు పచ్చగా ఉంటాయి, ఫోటోలు బాగా వస్తాయి. కాదనను. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక అదే జనాన్ని పిలిచి చూడండి. "ఇప్పుడేముంది సార్ అక్కడ, అంతా ఎండిపోయుంటుంది" అంటారు.

ఆ ఎండిపోయిన అడవి గురించే ఈ పూట మాట్లాడదామని వచ్చాను. ఫాల్గుణం సగం నుంచి చైత్రం చివరిదాకా, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, శని ఆదివారాల్లో పదిమంది కలిసి శేషాచలం కొండల్లో నడవడం గురించి. అడవి దాపరికం లేకుండా కనిపించేది ఆ రోజుల్లోనే అని నా అభిప్రాయం. అయితే అడవికి మనవల్ల, మనకు అడవివల్ల ముప్పు ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే మిమ్మల్ని ఆశపెట్టి అడవిలో వదిలేసినట్టవుతుంది. అందుకని రెండూ చెబుతాను.

వానాకాలంలో అడవిలో కనిపించేది ఆకు ఒక్కటే. బాట మీదికి కొమ్మలు కమ్ముకొని, గడ్డి మోకాలు దాటి పెరిగి, మన చూపు ముందు నడిచే మనిషి వీపు దగ్గరే ఆగిపోతుంది. మార్చి వచ్చేసరికి ఆ అడ్డు తొలగుతుంది. మన కొండల మీదున్నది చాలావరకు ఆకురాల్చే అడవి. నేలలో తడి తగ్గేకొద్దీ, ఉన్న కాస్త నీరూ ఆకుల్లోంచి ఆవిరైపోకుండా చెట్టు ఆకును వదిలించుకుంటుంది. ఆకు పోయాక కొండ ఎటు వాలిందో తెలుస్తుంది. వాగు ఏ మలుపు తిరిగి వచ్చిందో, రాతిపొరలు ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకున్నాయో తెలుస్తుంది. ఎదుటి కొండ మీద కోతులు కదిలినా కంటపడతాయి.

చెట్టును మానును బట్టి గుర్తుపట్టడం నేర్చుకునేదీ ఈ రోజుల్లోనే. ఎర్రచందనం మాను నల్లగా, మొసలి వీపులాగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఈ చెట్టు తనంత తానుగా పెరిగేది కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లోనూ, వాటిని ఆనుకున్న కొద్దిపాటి చోట్లలోనూ మాత్రమే. పేపర్లలో రోజూ పేరు వినే చెట్టు కదా అని ఆశగా చూడబోయినవాళ్ళు "ఇదేనా?" అని పెదవి విరుస్తారు. ఎరుపంతా లోపలి చేవలో ఉంటుంది, పైకి అది మామూలు చెట్టే. మార్చిలో దానికి ఆకుండదు. చుట్టూ పలుచని రెక్క ఉన్న గుండ్రటి ఎండుకాయలు మాత్రం కొమ్మలకు వేలాడుతుంటాయి. గాలి వీచినప్పుడు అవి రాలి, ఆ రెక్క సాయంతో కాస్త దూరం పోయి పడతాయి. ఏప్రిల్ తిరిగేసరికి పసుపుపచ్చని పూత మొదలవుతుంది. ఇదే కొండ మీద రాళ్ళ మధ్య తపసి చెట్టు కూడా ఉంటుంది. దాని మాను తెల్లగా, నున్నగా ఉంటుంది, వెన్నెల రాత్రి చూస్తే భయపడేవాళ్ళూ ఉన్నారు. తపసి బంక అని అంగళ్ళలో అమ్మేది దీని నుంచి కారేదే.

పూల మాటకొస్తే, ఆకులేని కొమ్మ మీద పూచే పువ్వుకు ఉన్న అందం ఆకుల మధ్య పూచేదానికి రాదు. కొండగోగు చూడండి. ఒక్క ఆకు లేకుండా, బూడిదరంగు కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు. బూరుగ ముందే పూచి రాలుతూ ఉంటుంది. మోదుగ సరేసరి, అది పూచిందంటే మైలు దూరం నుంచి తెలిసిపోతుంది. ఈ చెట్లు అందరికంటే ఎక్కువగా పిలిచేది పిట్టల్ని. గోరింకలు, పిగిలిపిట్టలు, చిలుకలు, ఏట్రింతలు మోదుగపూల మీద వాలి తేనె తాగి, ముక్కుకు అంటిన పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరవేస్తాయి. అడ్డంగా ఆకులుంటే పిట్టలకు పూలు అంత తేలిగ్గా కనిపించవు. మోదుగ చెట్టుకు ఎదురుగా కదలకుండా ఓ పావుగంట కూర్చుంటే పుస్తకం లేకుండానే ఎన్ని రకాల పిట్టలను చూడవచ్చో చెప్పలేను. ఇక జాలారి పూత మొదలైందంటే చెట్టు కనబడక ముందే వాసన వస్తుంది. మెట్లదారిన తిరుమల ఎక్కేవాళ్ళలో చాలామంది ఆ వాసనను ఎవరో వెలిగించిన అగరొత్తులదనుకుంటారు.

నేల మీద చదవాల్సింది ఇంకా ఎక్కువ. చెలమల దగ్గర బురద ఎండుతూ ఉంటుంది కాబట్టి గిట్టల గుర్తులు అచ్చు గుద్దినట్టు నిలుస్తాయి. దుప్పిది చిన్నది, కణితిది పెద్దది. అడవిపంది తిరిగిన చోట నేలంతా దున్నినట్టుంటుంది. పుట్ట సగానికి పెళ్ళగించి ఉంటే అది ఎలుగుబంటి పని, చెదపురుగుల కోసం తవ్విందన్నమాట. దాని పేడ చూసి ఆ వారం అడవిలో ఏ కాయ పండిందో చెప్పేయవచ్చు. రేగుకాయల రోజుల్లో రేగు గింజలు, ఆ తర్వాత రేల గింజలు, ఎండ ముదిరాక తునికి గింజలు. అక్కడే కొన్ని గింజలు తొలకరికి మొలకెత్తుతాయి. ఎలుగుబంటి పండు తిని ఊరకే పోదు, చెట్టు కూడా నాటిపోతుంది.

శేషాచలం కొండలకు ఇంకో విశేషం ఉంది. అది రాతికి సంబంధించింది. కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. దాని కింద ఎక్కడో మరీ పాతదైన గ్రానైట్. ఈ రెండింటి నడుమ కోట్ల సంవత్సరాల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ రెండు రాళ్ళూ కలిసే చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా. నడిచేవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. క్వార్ట్‌జైట్ నిలువునా, అడ్డంగా చీలికలు చీలికలుగా పగులుతుంది. వాననీరు ఆ చీలికల్లోకి దిగి, కింద చొరబడలేని పొర తగిలినచోట పక్కకు తిరిగి, కొండ పాదంలో ఊటగా బయటికొస్తుంది. అందుకే పై కొండంతా కాలే పెనంలా ఉన్నా కోన అడుగున నీళ్ళుంటాయి. మన తీర్థాలన్నీ అలా పుట్టినవే. వేసవిలో అడవి జంతువులకు కూడా అవే దిక్కు.

ఆ తీర్థాల దగ్గరికే పోయే ఒక పాత అలవాటు మనకుంది. వారాంతపు నడకలు, ట్రెక్కింగులు పట్నం కుర్రాళ్ళు తెచ్చిన కొత్త మోజని కొందరు పెద్దలు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది. పాపవినాశనం దగ్గర బయలుదేరి, అడవిలో మైళ్ళకొద్దీ నడిచి, రెండు కొండలు నిలువునా చీలినట్టున్న సన్నటి కోనలో నీళ్ళలోనే కాళ్ళీడ్చుకుంటూ పోయి జనం స్నానం చేసి వస్తారు. దేవస్థానం వాళ్ళు దారిలో మంచినీళ్ళు, అన్నం ఏర్పాటు చేస్తారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు రావద్దని ముందే చెబుతారు. తరిగొండ వెంగమాంబ తపస్సు చేసుకున్నది ఆ కోనలోనే అని పెద్దలు చెబుతారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఆ గుహల్లో ఎట్లా ఉండగలిగిందో ఆ దారిన ఒక్కసారి నడిస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. తాళ్ళపాక అన్నమయ్య తిరుమలకు నడిచిన దారి అని చెప్పుకునేది మామండూరు దగ్గర కుక్కలదొడ్డి నుంచి అడవిలోకి పోతుంది. ఆయన పరమపదించిన తిథి కూడా ఫాల్గుణ బహుళ ద్వాదశే. రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి గుంపులుగా ఆ దారిన నడిచే భక్తులు ఇప్పటికీ ఉన్నారు.

తెలంగాణలో చూస్తే నల్లమలలో సలేశ్వరం జాతర. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, చైత్ర పౌర్ణమికి. "వస్తున్నాం లింగమయ్యా" అని కేకలు వేసుకుంటూ పిల్లాజెల్లాతో లోయలోకి దిగుతారు. పూజారులు చెంచులు. ఏడాదిలో ఆ కొద్ది రోజులే జనానికి అనుమతి, ప్లాస్టిక్ తేవద్దని చెక్‌పోస్టు దగ్గర సంచులు వెతుకుతారు.

ఈ నడకలన్నీ వేసవి మొదట్లోనే, పౌర్ణమి నాడో దానికి అటూఇటూనో ఎందుకొచ్చాయి? పురాణం చెప్పే కారణాలు వేరే ఉన్నాయి. నాకు తోచింది చెబుతాను, తప్పయితే కొట్టిపారేయండి. కోతలు అయిపోయి చేతిలో పని తగ్గుతుంది. వాగుల్లో నీళ్ళు తగ్గి దాటడానికి అనువుగా ఉంటాయి. ఆకు రాలి బాట కనిపిస్తుంది. తెల్లవారకముందే బయలుదేరాలంటే వెన్నెల ఉంటుంది. అప్పటికింకా వడగాలి మొదలవదు. ఊరి జనం ఇంత లెక్క చూసుకుని పెట్టుకున్న రోజుల్ని మనం "ఎండిపోయిన అడవి" అనేసి వదిలేస్తున్నాం.

ఇక రెండో మాట. అగ్గి.

శేషాచలంలో కొండవాలుల మీద బోద అనే గడ్డి పెరుగుతుంది. మనిషి ఎత్తు వస్తుంది. ఇళ్ళకు కప్పు వేసుకునేవాళ్ళు. ఫిబ్రవరికి అది ఎండి గలగలమంటుంది. పైన ఎండుటాకు జానెడు మందాన పరిచి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి రోజుల తరబడి తగలబడింది. చివరికి వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో తిరుపతిలో ఉన్నవాళ్ళకు రాత్రిళ్ళు కొండ మీద కనిపించిన ఎర్రటి గీత గుర్తుండే ఉంటుంది. మన అడవుల్లో నిప్పు దానంతటదే పుట్టడం అరుదు. ఎక్కువసార్లు మనుషుల చేతిలోనే మొదలవుతుంది. పశువులకు కొత్త గడ్డి రావాలని ఒకరు పెడతారు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేయాలని ఒకరు పెడతారు. అన్నం వండుకుని నిప్పు ఆర్పకుండా లేచిపోయేవాళ్ళు కొందరు.

నాలుగేళ్ళ తర్వాత అదే మార్చి నెలలో, 2018 మార్చి 11న, తమిళనాడు తేని జిల్లాలో కురంగణి కొండల మీద జరిగింది మరచిపోరానిది. అదొక ఆదివారం. వారాంతానికి కొండెక్కి దిగుతున్న నడకగుంపులు గడ్డివాలు మీద కార్చిచ్చులో చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళ వయసువాళ్ళు, వారమంతా ఆఫీసుల్లో పనిచేసి సెలవుకు కొండలకు వచ్చినవాళ్ళు. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. మంటల కాలంలో అడవి బాటలు మూసేస్తోంది.

ఆ మంటల స్వభావం తెలుసుకోవడం అవసరం కాబట్టి ఇక్కడ ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటాను. మంట ఎగువకు పరుగెడుతుంది. కింద రాజుకున్న నిప్పు వేడి పైకి లేచి, ఎగువనున్న గడ్డిని ముందే ఎండబెట్టి పెడుతుంది. అందుకని వాలు ఎంత నిటారుగా ఉంటే మంట అంత వేగంగా ఎక్కుతుంది. మనిషి మాత్రం ఎక్కేటప్పుడు నెమ్మదిస్తాడు. పొగ కనిపించగానే భయంతో పైకి పరుగెత్తడమే చాలామంది చేసే పని, అదే ప్రాణం తీసేది. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. గడ్డి లేని చోటు, రాతిబండ, వాగు ఇసుక, లేకపోతే ముందే కాలి చల్లారిన నేల, వీటిలో ఏది దగ్గరుంటే అక్కడికి చేరాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలుబట్టలే మేలు. ఇవన్నీ బయలుదేరే ముందు బస్సు దగ్గర చెప్పుకోవాల్సిన మాటలు. కొండ మీద చెప్పుకోవడానికి వ్యవధి ఉండదు.

అందుకే నేను మంటల రోజుల్లో గడ్డివాలుల మీదికి గుంపును తీసుకుపోవడాన్ని ఎవరు చేసినా తప్పే అంటాను. కోన అడుగున, నీటి ఒడ్డున నడవండి. శిఖరాలు దసరా తర్వాత ఎక్కవచ్చు. అటవీశాఖ వాళ్ళు ఈ వారం వద్దంటే వాదించకండి. మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని వాళ్ళకేమీ సరదా లేదు. ఉపగ్రహం నుంచి మంటల హెచ్చరికలు వాళ్ళ ఫోన్లకు వస్తుంటాయి, ఏ వాలు మీద ఏమున్నదో మనకంటే వాళ్ళకు బాగా తెలుసు. శేషాచలంలో అనుమతి తీసుకునే వెళ్ళాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబగళ్ళు గాలించే అడవి అది. సంచులు తగిలించుకుని బాట తప్పి తిరిగే పదిమందిని దూరం నుంచి చూసినవాడు ట్రెక్కర్లని ఎలా అనుకుంటాడు? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కూడా అభయారణ్యంలోకి, జాతీయ పార్కులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు అలాంటిదే. దాంతోపాటు ఈ కొండల్ని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. తలకోనలోనూ మామండూరులోనూ అటవీశాఖ వాళ్ళే ఏర్పాటు చేసిన బాటలున్నాయి. తలకోనలో గిల్లతీగ చూశారా? తొడంత లావు తీగ చెట్టు నుంచి చెట్టుకు పాకి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా అడవిలోకి పోతుంది. దాన్ని చూడటానికి ఏ శిఖరమూ ఎక్కనక్కర్లేదు.

గుంపు గురించి కొంచెం చెప్పాలి. పన్నెండు, పదిహేనుమంది దాటితే అది నడక కాదు, ఊరేగింపు. ఎండుటాకు మీద ఒక్కడు నడిస్తేనే కొండ అవతలికి వినిపిస్తుంది. నలభైమంది నడిస్తే ఆ పూటకు జంతువులన్నీ ఇంకో కోనకు వలస. ఎండుటాకు మీద చప్పుడు లేకుండా నడవడం ఎవరివల్లా కాదు, అందుకు మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. చేయగలిగింది ఆగడం. గంటకోసారి అందరూ కూర్చుని పది, పదిహేను నిమిషాలు మాట్లాడకుండా ఉంటే అడవి మళ్ళీ తన పనిలో పడుతుంది. మొదట వడ్రంగిపిట్ట కొట్టడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత పొదల్లో ఏదో పెద్ద చప్పుడు. కొత్తవాళ్ళు ఎలుగుబంటి వచ్చిందని లేచి నిలబడతారు. చూస్తే ఆకుల్లో పురుగులు ఏరుకునే అడవికోడి, లేకపోతే ఒక బల్లి. ఎండుటాకు ప్రతిదాన్నీ పదింతలు చేసి వినిపిస్తుంది. నీటి ఒడ్డున రాళ్ళ చీలికల్లో ఓపిగ్గా చూస్తే బంగారు బల్లి కనిపించవచ్చు. పేరుకు తగ్గట్టే పసుపు రంగు. రాళ్ళను ఎత్తి వెతకొద్దు, అది నలిగిపోతుంది, పైగా నేరం కూడా.

నడిపించేవాడు ముందుంటే చాలదు. చివరన ఒకరుండాలి, తన వెనక ఎవరూ మిగల్లేదని తెలిసిన మనిషి. ట్రెక్కింగ్ చేసేవాళ్ళు అతన్ని స్వీప్ అంటారు. అందరికంటే అనుభవం ఉన్నవాణ్ణి ముందు పెడతారు చాలామంది. నన్నడిగితే అతన్ని చివర పెట్టాలి. ఎండలో ఇబ్బంది పడే మనిషి ఎప్పుడూ వెనకబడతాడు, "నేను బాగానే ఉన్నాను, మీరు పదండి" అంటాడు. ఆ మాట నమ్మకూడదు. తలనొప్పి, ఎండలోనూ ఒళ్ళు జలదరించడం, చాలాసేపటి నుంచి మూత్రం రాకపోవడం, ఉన్నట్టుండి చిరాకు, ఇవి కనిపిస్తే నీడలో పడుకోబెట్టి, మెడకు, చంకలకు తడిగుడ్డ వేసి, ఉప్పు కలిపిన మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టించి, ఆ రోజుకు నడక ఆపి వెనక్కి తిరగాల్సిందే. గుంపంతా. ఒకణ్ణి చెట్టు కింద కూర్చోబెట్టి, వచ్చేటప్పుడు తీసుకుపోతామని ముందుకు పోయే గుంపులున్నాయి. వాటితో ఇంకోసారి వెళ్ళకండి.

మార్చి నెలాఖరుకే తిరుపతిలో ఎండ ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది డిగ్రీలకు పోతుంది. ఆకు లేని అడవిలో నీడ ఉండదని, రాతి వేడి కింద నుంచి కూడా కొడుతుందని గుర్తుంచుకోవాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు కనీసం. దప్పిక అయ్యేదాకా ఆగకుండా పది నిమిషాలకో గుక్క. ఊట నీళ్ళు తాగవచ్చునా అంటే, జంతువులకు అవే నీళ్ళని ముందే చెప్పాను. వాటితో పోటీ పడకుండా మన నీళ్ళు మనం మోసుకుపోవడం మర్యాద, ఆరోగ్యం కూడా. అన్నానికి పులిహోర అంతటిది లేదు, చెడదు, చల్లారినా బాగుంటుంది. తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళు రాగి అంబలి సీసాలో పోసుకుంటే పదింటిదాకా ఆకలి అడగదు. పది, పదిన్నరకు నడక ముగిసిపోవాలి. పన్నెండింటికి ఇంకా కొండ మీదున్నామంటే లెక్క ఎక్కడో తప్పింది.

సెంటు పూసుకుని రాకండి. ఇది విని మా మిత్రులు నవ్వుతారు, నిజమే చెబుతున్నాను. ఈ కోనల్లో ఎత్తయిన రాతిగోడలకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. ఘాటు వాసనకు, పొగకు, కేకలకు కొండతేనెటీగలు లేస్తాయి. ఒకసారి లేచాయంటే చాలా దూరం తరుముతాయి. మాతో దారి చూపడానికి వచ్చే వాచర్ అన్న ఒకాయన ఇలాంటి చోట నోరు తెరవడు. పైకి వేలు చూపి, నోటికి అడ్డంగా వేలు పెట్టి, ఒక్కొక్కరినీ దాటిస్తాడు. అవతలికి పోయాక "ఇంక మాట్లాడండి సామీ, ఎంతసేపు ఓర్చుకుంటారు పాపం" అంటాడు.

ఆయనలాంటి వాళ్ళను గురించి మన నడకగుంపులు తగినంత ఆలోచించవు. వేసవిలో మంటలు చూడటానికి ఊళ్ళలోంచి కొందరిని నాలుగైదు నెలలకు కూలికి పెట్టుకుంటారు. ఆకు ఊడ్చి, గడ్డి కోసి, మంట దాటకుండా ఖాళీ దారులు చేసేది వాళ్ళే. మంట లేస్తే పచ్చికొమ్మలు విరిచి కొట్టి ఆర్పేది కూడా ఎక్కువగా వాళ్ళే. వాళ్ళలో చాలామంది యానాదులు. మనం పుస్తకం చూసి లాటిన్ పేరు చెప్పే చెట్టుకు వాళ్ళు పేరుతోపాటు అది ఎప్పుడు పూస్తుందో, ఏ జబ్బుకు పనికొస్తుందో, ఏ మృగం తింటుందో చెబుతారు. అలాంటి మనిషి తోడు వచ్చిన రోజున ఇచ్చే డబ్బు దగ్గర బేరమాడేవాళ్ళను చూశాను. కార్లలో వచ్చినవాళ్ళే. నాకు సిగ్గనిపించింది.

ఏనుగుల సంగతి కూడా చెప్పాలి. శేషాచలంలో కొన్నేళ్ళుగా ఒక గుంపు తిరుగుతోంది. తాజా పేడ కనబడితే, వెదురు విరిగిన చప్పుడు వినబడితే, వాచర్ చెప్పకముందే వెనక్కి తిరగండి. ఏనుగును ఫోటో తీయాలనుకునేవాడు గుంపులో ఎప్పుడూ ఒకడుంటాడు. అతని చేయి పట్టుకుని లాక్కురావలసిన బాధ్యత మిగతావాళ్ళది.

కెన్నెత్ ఆండర్సన్ అనే వేటగాడు ఇక్కడి చామల లోయలో మనుషుల్ని తినే పులి కథ ఒకటి రాశాడు. ఆ కథ ఉన్న పుస్తకం 1954లో వచ్చింది. చదివినవాళ్ళు కొందరు ఆ పులి అడుగులు ఇప్పుడు కనిపిస్తాయా అని అడుగుతుంటారు. చిరుత గుర్తులు కనిపిస్తాయి. పెద్దపులి కోసం నల్లమలకు పోవాలి. కానీ లోయ అదే. ఆయన వర్ణించిన వెదురు, రాళ్ళవాగు, మధ్యాహ్నపు ఉక్క అన్నీ అలాగే ఉన్నాయి.

అనుమతి దొరకనివాళ్ళు, గుంపు కుదరనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మరి మేమెక్కడికి పోవాలి అని. శ్రీనివాసమంగాపురం దగ్గర శ్రీవారి మెట్టు ఉంది. 2,388 మెట్లు. దైవదర్శనానికే అయినా, అడవి మధ్యలో నడిచే దారి అది. తొందరపడి ఎక్కేయకుండా ప్రతి మలుపు దగ్గరా ఆగి పక్కకు చూడండి. ఇప్పుడు చెప్పిన చెట్లలో సగం అక్కడే కనిపిస్తాయి. అలిపిరి దారిలో 2023లో చిరుత దాడి జరిగాక పిల్లలను తీసుకుపోయే వేళల మీద దేవస్థానం ఆంక్షలు పెట్టింది. చిన్నపిల్లలున్నవాళ్ళు ముందే కనుక్కుని బయలుదేరండి. శ్రీవారి మెట్టు గేటు పొద్దున ఆరింటికి తీస్తారు. ఆ వేళకు అక్కడుంటే ఎండ కొండ మీదికి దిగేలోపు సగం దారి నడిచేయవచ్చు, జాలారి ఇంకా పూస్తూనే ఉంటుంది.